రెక్కలమ్మ ఘటం

"ఒరే! తల్లిమీద సెయ్యేసినాడు! పట్టండ్రా ఆణ్ణి!"

తల్లికి పూజచేసే దాసుడు సోములు కేకకి దిబ్బలవలస ఊరంతా గుడి దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

గుడంటే నాలుగు రాటలు, తాటాకు కప్పు. కింద మనిషెత్తున నిలబెట్టిన విమానం పంకా రెక్క. కొస కాస్త వంగి ఉంటుంది. చింతపండుతో తోమి, పాలతో కడిగి, పసుపు పూసి, కుంకుమ పెట్టి, ఎర్రచీర చుట్టి ఊరు దాన్ని రెక్కలమ్మ తల్లి అంటుంది.

పదహారేళ్ల కిందట వంశధార పొంగి ఊరు వారం రోజులు నీళ్లలో ఉంది. అప్పుడు తల్లి డకోటా విమానం రూపంలో వచ్చి ఊరి మెట్టమీద దిగింది. కడుపులో బియ్యం బస్తాలు. ఊరు బతికింది. నీళ్లు తీశాక విమానాల కంపెనీవాళ్లొచ్చి విమానాన్ని ముక్కలుగా విప్పి పట్టుకుపోయారు. ఈ ఒక్క రెక్కనీ జనం గడ్డివాములో దాచి దక్కించుకున్నారు. ఇదీ కథ. ఊళ్లో పసిపిల్లలకి కూడా వచ్చు.

ఇప్పుడు ఆ తల్లి ముందు ఒక ముసలాయన మోకాళ్లమీద కూర్చున్నాడు. ఖాకీ ప్యాంటు, కాళ్లకి బూట్లు. చేతిలో నూనె గుడ్డ. తల్లి ఒంటిమీద జానెడు మేర పసుపు తుడిచేశాడు.

"ఎవుడివిరా నువ్వు?" అన్నాడు ఊరిపెద్ద గణపతిరావు.

"దారిన పోయేవాణ్ణయ్యా. చూసి పోదామని ఆగాను."

"సూడ్డానికొచ్చినోడివి సూసి పోవాల. గీకుడేటి?"

"చింతపండూ పాలూ ఈ లోహానికి పడవండీ. లోపల్లోపల తినేస్తున్నాయి. నూనె పట్టిస్తే మరో వందేళ్లు ఉంటుంది."

"తల్లికి వయిద్యం సేస్తాడట!" జనం గొల్లున నవ్వారు.

ముసలాయన కూడా నవ్వాడు, పిచ్చి మనిషి. తనతోనే నవ్వుతున్నారనుకున్నాడు.

"ఇప్పుడు జెట్ విమానాలొచ్చాయి. అవి పోయే ఎత్తుకి కింద మనిషున్నాడో లేడో తెలీదు. డకోటా అలా కాదు. నింపాదిగా, కిందుగా పోయేది. చెయ్యూపితే పైకి కనబడేది."

అంటూ అరచేత్తో రెక్క అంచు నిమిరాడు. పెద్దకొడుకు వీపు నిమిరినట్టు నిమిరాడు.

"నీకెలా తెలుసు? కంపెనీలో పన్జేసినావేటి?" అన్నాడు గణపతిరావు.

"చేశాను. చాలా ఏళ్లు."

అంతే. నవ్వులు ఆగిపోయాయి.

"ఇన్నారర్రా!" అరిచాడు సోములు. "తల్లిని ముక్కలుగా ఇప్పీసినోళ్లలో ఈడొకడు! మిగిలిన ముక్క కోసం వొచ్చినాడు!"

మొదటి దెబ్బ ఎవరు కొట్టారో తెలీదు. తరవాతవి లెక్కలేదు.

"ఆగండి! ఆ రోజు విమానంలో మనుషులు కూడా ఉన్నారయ్యా..." అన్నాడు ముసలాయన, మూతి తుడుచుకుంటూ.

"మనుసులేటి! తల్లొక్కర్తే వొచ్చినాది!" అన్నాడు గణపతిరావు.

ముసలాయన అతని ముఖంలోకి చూశాడు. చుట్టూ ఉన్న ముఖాలన్నీ చూశాడు. నూనె గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

తల్లికి అపచారం చేసినవాడు నెత్తిన నీళ్లు నింపిన ఘటమెత్తుకుని, ఉత్తకాళ్లతో ఊరు చుట్టూ మూడుమార్లు తిరగాలి. ఆ ఊరి కట్టుబాటు. బూట్లు లాగేశారు. అప్పుడు కనబడింది, ఎడమ పాదం సగమే ఉంది.

"ఓలమ్మ, కుంటోడర్రా!" అంది జనంలోంచి దానమ్మ. "వొయిశాకం ఎండ. సచ్చిపోతాడు. పొద్దువాలినాక తిప్పండి."

"కంపెనీవోడి మీద అంత జాలయితే నువ్వెత్తు ఘటం," అన్నాడు గణపతిరావు.

దానమ్మ వెనక్కి తగ్గింది. అందరూ చేసే పనే అది.

డప్పు మోగింది. మొదటి చుట్టు ఎలాగో పూర్తయింది. పిల్లలు ఆయన వెనకాల కుంటుతూ నడిచారు. పెద్దలు వద్దనలేదు సరికదా, ముచ్చటపడ్డారు.

రెండో చుట్టులో ఇసుక మెరక దగ్గర ఆయన ఆగాడు.

"మంచినీళ్లు."

"ఘటం దిగీదాకా నీళ్లు ముట్టకూడదు," అన్నాడు సోములు.

నెత్తిమీద కుండ నిండా నీళ్లున్నాయి. అవి తల్లివి.

"ఒక్క గుక్కండీ."

"నడువు!"

నాలుగడుగులు వేశాడు. అయిదోది పడలేదు. మనిషి ముందుకి బోర్లాపడ్డాడు, కుండ వెయ్యి చెక్కలైంది.

"ఓలమ్మో, ఘటం పగిలిపోనాది!" ఊరు గొల్లుమంది. మనిషిని తిరగేసి చూడడానికి కాసేపు పట్టింది. అప్పటికే ఊపిరి లేదు.

"తల్లే తీసుకుపోనాది. మనమేటి సేసినాం?" అన్నాడు సోములు.

నిజమేనన్నారు అందరూ.

ఎవరివాడో తెలిస్తే కబురు పెట్టాలి కదా. గణపతిరావు ఆయన చేతిసంచి కుమ్మరించాడు. నూనె డబ్బా, ఒక జత బట్టలు, మడతలు చిరిగిన ఇంగ్లీషు కాగితం. బడిపంతులు నరసింగరావుని పిలిపించారు.

పంతులు కాగితం చదివాడు. మళ్లీ మొదట్నించీ చదివాడు. మడత పెట్టబోయాడు.

"ఏటుంది మేస్టారూ?"

"ఎందుకులెండి."

"సెప్పండి! ఏ ఊరు ఆడిది?"

పంతులు ఒక్కొక్క మాటే తెలుగులో చెప్పాడు:

"బస్తాలు పైనుంచి పడేసి తిరిగి రమ్మన్న ఉత్తరువు ధిక్కరించి, బియ్యం నీళ్లపాలవుతోందన్న సాకుతో దిబ్బలవలసలో విమానాన్ని దించి పాడుచేసినందుకు, పైలట్ సీతారామారావుని ఉద్యోగంలోంచి తీసివేయడమైనది."