పది దుంపలు

"వైరస్ ఉంది బాబాయ్," అంటూ ల్యాబులో అమ్మాయి కాగితం ముందుకు జరిపింది. "మీ పంట విత్తనానికి పనికిరాదు. కూరకి అమ్ముకోండి."

బంగాళాదుంపల రైతు కాగితం మీదికి వంగి చూశాడు.

"మిషను పొరబడిందేమో అమ్మాయ్. దుంపలు నున్నగా, ముచ్చటగా ఉన్నాయి కదా."

"పైన చూసి చెప్పగలిగితే మిషనెందుకు? వైరస్ తాలూకు జన్యువు దుంపలో ఏ మూల నక్కినా ఇది పట్టేస్తుంది. మూడుసార్లు చూశాను."

పరీక్షకిచ్చిన పది దుంపలూ అసలు రైతు చేలోవే కావు మరి. తన చేలో నాలుగు మొక్కల ఆకులు ముడుచుకునేసరికి భయం పట్టుకుంది. పక్కచేను బావ భోజనానికి వెళ్లిన వేళ చూసి, గట్టు దాటి అతని చేలో తవ్వుకొచ్చాడు. బావ చేను చూడ్డానికి పెళ్లికొడుకులా ఉంటుంది. ఆ పెళ్లికొడుక్కి లోపల ఇంత రోగం ఉందని ఎవరు కలగన్నారు?

నిజం చెప్తే దొంగ. చెప్పకపోతే ఏడాది కష్టమంతా కూరలోకి పోతుంది.

"అమ్మాయ్, ఒక మాట..." అని గొంతు సవరించుకున్నాడో లేదో, తలుపు తోసుకుని ఆ బావే తన దుంపల ఫలితం కోసం వచ్చాడు.

"మీ దుంపల్లో ఏ వైరసూ లేదు బాబాయ్. నిక్షేపంగా విత్తనానికి అమ్ముకోండి," అని అమ్మాయి బావ చేతిలో సర్టిఫికెట్ పెట్టింది.

రైతు నోరు వెళ్లబెట్టాడు. తను తవ్వింది ఆ చేలోనే. అక్కడ లేని రోగం తన సంచిలోకి ఎలా దూరింది?

సంబరంగా కాగితం మడవబోయిన బావ, బల్ల మీద రైతు పేరున్న కాగితం చూశాడు. రైతు ముఖం చూశాడు. కాసేపు చెవి గోక్కున్నాడు.

"ఇది తప్పమ్మా. మా బావ చేలో రోగం లేదు. కావాలంటే ఒట్టేసి చెప్తాను."

రైతుకి కళ్లు చెమర్చాయి. ఇంత మంచివాడి చేలోనా తను చెయ్యి పెట్టింది? "బావా, అసలు నేనే..."

"నువ్వుండు బావా."

"అంత గట్టిగా ఎలా చెప్తున్నారు?" అంది అమ్మాయి.

బావ తన సర్టిఫికెట్‌ని మెల్లగా తిరిగి బల్ల మీద పెట్టేశాడు.

"నా పేరుతో పరీక్షకిచ్చిన దుంపలు ఇతని చేలో తవ్వుకొచ్చినవేనమ్మా."