పుడక తీసిన రోజు

“పుడక తియ్యల్ల. తియ్యకుంటే డాక్టరు లోపలికి రానీడు,” అని ఆయా రంజాన్ బీ మూడోసారి చెప్పింది.

“మొగుడు బతికుండంగా ముక్కున పుడక తియ్యను,” అని లక్ష్మీదేవమ్మ కొంగుతో ముక్కు మూసుకుంది.

“నేనీడే గుండ్రాయి మాదిరి నిలబడుకోని ఉండాను గదమే,” అన్నాడు ఆమె మొగుడు శ్రీరంగప్ప.

“ఉండావు. ఉండల్లనే గదా నా బాధ.”

అది 1961 వేసవి, అనంతపురంలో ఆసుపత్రి వరండా. ముక్కుకు కూడా ఆపరేషన్ చేస్తారంటే ఆ రోజుల్లో గుమ్మఘట్ట వైపు పల్లెల్లో ఎవరూ నమ్మేవారు కాదు. మేత వేస్తుంటే ఆవు తల విసిరి, కొమ్ము తగిలి లక్ష్మీదేవమ్మ ముక్కుదూలం కుంగిపోయింది. మూడేళ్లుగా నోటితోనే ఊపిరి. పడుకుంటే అదీ ఆడదు. గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేది. దూలం నిలబెట్టి గాలికి దారి చేస్తాననీ, చూడ్డానికి కూడా మునుపటి ముక్కులాగే ఉంటుందనీ మద్రాసు నుంచి వచ్చే డాక్టరు చెప్పాడు. ఈ రోజు తప్పితే మళ్లీ పేరు పిలిచేది ఏడాదికే.

“ఏమ్మా, నీకు ఊపిరి వద్దా?” అంది రంజాన్ బీ.

“కావల్ల. వాన పడితే మట్టి వాసన గూడా కావల్ల. మూడేండ్లాయె అది తెలిసి.”

“దానికి నీ ముక్కేం చేసింది? వాన పడింటే గదా,” అన్నాడు శ్రీరంగప్ప.

వరుసలో కూర్చున్న రోగులు నవ్వారు. లక్ష్మీదేవమ్మ కూడా నవ్వబోయి, ఊపిరి చాలక దగ్గింది. శ్రీరంగప్ప నవ్వు అక్కడే ఆగిపోయింది. పెళ్లిలో అడ్డుతెర దించినప్పుడు అతనికి మొదట కనబడింది ఆ ముక్కు, దాని మీద దీపం వెలుగుకు మెరిసిన పుడక. ముఖం ఆ తర్వాతే చూశాడు.

“తాళి ఉండాది గదా మెడలో,” అన్నాడు మెల్లగా.

“తాళి ఉంచుకోనీలే. కత్తి పడేది మెడకు కాదు, ముక్కుకు,” అంది రంజాన్ బీ.

“తాళికి తాళే, పుడకకు పుడకే. పో, మీ అమ్మను అడుగు. ఆయమ్మ తియ్యమంటే తీస్తా.”

ఆమె ఎందుకలా అన్నదో శ్రీరంగప్పకు తెలుసు. కొమ్ము తగిలిన రోజు ముక్కు బూరెలా వాస్తే, పుడక కత్తిరించడానికి వచ్చిన వైద్యుణ్ణి గడప దగ్గరే నిలబెట్టి పంపించింది అతని తల్లి ఓబమ్మ. “నా కొడుకు ఆయుస్సు ఆడుండాది,” అంది ఆనాడు. ఇప్పుడు వరండా చివరి మెట్టు మీద, బోడి ముక్కుతో, కసాపురం ఆంజనేయస్వామి పేరు తలుచుకుంటూ కూర్చుని ఉంది.

శ్రీరంగప్ప వెళ్లి చెప్పాడు. ఓబమ్మ అంతా విని, మోకాళ్లు పట్టుకుని లేచి వచ్చింది.

“ఎంతసేపు తియ్యల్ల?” అని రంజాన్ బీని అడిగింది.

“ఆపరేషన్ గంట, పెద్దమ్మా. కట్టు ఇప్పేకి పదైదు దినాలు.”

“పదైదు దినాలు,” అని ఓబమ్మ కోడలి వైపు తిరిగింది. “ఏమ్మే, నా కొడుకు పేరు మీది పుడక ముక్కున ఉండల్ల. అంతేనా?”

“అంతే అత్తా.”

“ఎవురి ముక్కున అని యాడన్నా రాసిండాదా?”

లక్ష్మీదేవమ్మకు అర్థం కాలేదు. ఓబమ్మ ఆమె గడ్డం పట్టుకుని ముఖం వెలుగుకు తిప్పింది. వేలు తడి చేసుకుని, పుడక వెనక మర నెమ్మదిగా విప్పింది. పుడకను కళ్లకద్దుకుని, గోడవైపు తిరిగి తన ముక్కుకు పెట్టుకుంది.

“అమ్మా,” అన్నాడు శ్రీరంగప్ప. “ముండమోసిన మనిషివి. ఊరోళ్లు చూస్తే?”

“ఊరు ఈడికి అరవై మైళ్లుండాది లేరా. నువ్వు దానికి మొగుడివి కాకముందే నాకు కొడుకువి.” కోడలి భుజం తట్టింది. “పో తల్లీ. నేను దీన్ని తియ్యను, నువ్వొచ్చేదాకా.”

లక్ష్మీదేవమ్మ అత్త కాళ్లకు మొక్కి, నోటితో ఊపిరి లాక్కుంటూ నర్సు వెంట లోపలికి పోయింది. శ్రీరంగప్ప తలుపు దాకా వెళ్లి అక్కడే నిలబడిపోయాడు.

రంజాన్ బీ ఓబమ్మ ముఖాన్ని తేరిపార చూసింది. ఆ ముసలి ముఖానికి ఎక్కడిదో పెళ్లినాటి కళ వచ్చినట్టుంది.

“పెద్దమ్మా, మీ ఆయన పోయి ఎన్నేండ్లాయె?”

“వీడు చంకలో బిడ్డ. ఇరవై ఎనిమిదేండ్లు.”

“మా కూతురు హబీబా ఒక నెల తీసి పెడితేనే రంధ్రం పూడిపోయె, మళ్లీ కుట్టిస్తిమి. ఇన్నేండ్లకు నీకెట్ల దూరింది అంత సులువుగా?”

ఓబమ్మ ఒకసారి కొడుకు వైపు చూసింది. అతనికి వినబడదని తెలుసుకున్నాక గొంతు తగ్గించింది.

“రోజూ పండుకునేటప్పుడు చీపురుపుల్ల పెట్టుకుంటా.”