గుమ్మంలో చోటు

"ఇన్ని గొడుగులెందుకమ్మా? ఉన్నది మనిద్దరం."

కోహెయ్ గుమ్మంలో గొంతుక్కూర్చుని స్టాండులోంచి ఒక్కో గొడుగూ బయటికి లాగుతున్నాడు. అన్నం డబ్బా మరిచినా గొడుగు మరవకూడదని, తరచూ వానలు పడే కనజావా ఊళ్లో సామెత. అతని తల్లి సుమియె ఆ మాటను మరీ మనసుకు పట్టించుకున్నట్టుంది. ఊచలు విరిగినవి, పిడి ఊడినవి, ఎవరివో తెలియనివి కూడా దాచిపెట్టింది.

"ఉండనీరా, ఎప్పుడైనా పనికొస్తాయి."

"వచ్చినవాళ్లు గొడుగుల కొట్టనుకుని వెనక్కి తిరిగిపోతారు."

మధ్యాహ్నం కురిహార గారు, కూతురు చినత్సుతో కలిసి వస్తున్నారు. ఆయన పరిచయం సుమియె ద్వారానే అయింది. ఇద్దరూ వెళ్లేది ఒకే బృందగానం క్లాసుకి. మొదట పాటల కబుర్లు, ఆ తర్వాత పిల్లల కబుర్లు, చివరికి ఈ పెళ్లి మాట. దాన్ని కొడుకు చెవిన వెయ్యడానికి సుమియె చాలా రోజులు తటపటాయించింది. చెప్పిన రోజున కూడా గిన్నెలు కడుగుతూ, అతని వైపు చూడకుండానే చెప్పింది. కోహెయ్ సిటీ బస్సు డ్రైవరు. ముప్పై అయిదు దాటాయి. ఆ ఇంట్లో పెళ్లి మాట వినిపించి ఎంతో కాలమైంది. అతను ఆలోచించకుండా సరేననేసరికి ఆమెకి కళ్లనీళ్లు ఆగలేదు.

ఈ సంబంధం కుదిరి తీరాలని కోహెయ్ పట్టుదల. చెడిపోతే అమ్మ పైకి ఏమీ అనదు. ఆ పాటల క్లాసు మాత్రం మానేస్తుంది. ఆమె కూనిరాగాలు లేకపోతే ఇల్లెంత బోసిపోతుందో అతనికి తెలుసు. అందుకే సెలవు పెట్టి మరీ ఉదయం నుంచీ గుమ్మం మీద పడ్డాడు. ఇంటికొచ్చినవాళ్లు ముందు చూసేది చెప్పులు విప్పే ఆ జానెడు చోటునే. అక్కడ ఒక్క జత అడ్డదిడ్డంగా పడి ఉన్నా ఆ పేరు ఇల్లాలికే వస్తుంది. ఎదుటివాళ్లు నోరు తెరిచి అనరు, చూసుకుని వెళ్లిపోతారు.

వీధి చివర దాకా చప్పుడు వినిపించిందేమో, పక్కింటి ఒకుమురా గారు తన పెరట్లోని హైడ్రేంజియా పూలు కోసి పట్టుకొచ్చింది. పూలు సాకు, వచ్చింది చూడ్డానికి.

"మొత్తానికి మీ గుమ్మంలోకి కొత్త చెప్పులు రాబోతున్నాయన్నమాట," అంది ఓరగా చూస్తూ.

"మీ నోటి చలవ. వస్తే మంచిదే కదండీ," అని కోహెయ్ నవ్వి పూలు అందుకున్నాడు. మూడు గుత్తుల్లో రెండు తీసేసి, ఒక్కటే చెప్పుల బీరువా మీద పెట్టాడు. రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు. బాగానే ఉంది.

ఇక మిగిలినవి నల్ల బూట్లు.

అవి తండ్రివి. ఆయన పోయిన దగ్గర్నుంచీ గుమ్మంలోనే ఉన్నాయి. కోహెయ్‌కి రాత్రి డ్యూటీలు పడుతుంటాయి. ఆడమనిషి ఒక్కతే ఉందని బయటివాళ్లకి తెలియకుండా మగవాళ్ల బూట్లు కనబడేలా ఉంచడం ఆ చుట్టుపక్కల మామూలే. కాకపోతే సుమియె వాటికి వారం వారం పాలిష్ కూడా పెడుతుంది.

అతను వాటిని తియ్యబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"అవి తీస్తే మీ నాన్నని బయటికి పంపేసినట్టుంటుందిరా."

"నాన్న ఉన్నది లోపల, బుద్ధుడి అరలో, తన పటం దగ్గర. పొద్దున్నే అన్నం పెట్టి దణ్ణం పెట్టుకున్నావుగా. గుమ్మంలో లేడమ్మా ఆయన."

సుమియె బూట్లు ఒళ్లోకి తీసుకుని కొంగలా మెడ వంచి చాలాసేపు తుడిచింది. తర్వాత తనే కాగితంలో చుట్టి బీరువా పై అరలో పెట్టింది. బూట్లు తీసిన చోట నేల తెల్లగా ఉంది. కోహెయ్ తడిగుడ్డతో ఆ చుట్టూ కూడా రుద్ది, తేడా తెలియకుండా చేశాడు. 

అనుకున్న వేళకి గంట మోగింది.

కురిహార గారు సూటు వేసుకుని వచ్చారు. వానాకాలపు ఉక్కకి మెడ దాకా చెమటలు. బూట్లు విప్పి లోపలి మెట్టెక్కారు. మళ్లీ మోకాళ్ల మీద కూర్చుని వాటిని వాకిలి వైపు తిప్పి, ఓ పక్కకి జరిపారు. మర్యాద తెలిసిన మనిషే అనుకున్నాడు కోహెయ్. అయితే ఆయన కొత్త మేజోడు అడుగున ధర చీటీ ఇంకా అంటుకునే ఉంది. చినత్సు వంగి దాన్ని చప్పుడు కాకుండా పీకేసింది. తలెత్తేసరికి కోహెయ్ కళ్లలో పడింది. ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. ఇంత కంగారు పడే మనిషి చెడ్డవాడు కాలేడని అతనికి ధైర్యం చిక్కింది.

"గుమ్మం ఎంత బాగుందండీ," అంది చినత్సు. "కాలు పెట్టగానే మనసు నిమ్మళించింది."

ఆ మాటతో సుమియె ముఖం విప్పారింది. చాపల గదిలో అందరూ కూర్చున్నారు. టీ వచ్చింది, మిఠాయి వచ్చింది. వాన గురించి, బస్సుల గురించి, చినత్సు పనిచేసే పళ్ల డాక్టరు గురించి మాటలు దొర్లాయి. కురిహార గారు మాత్రం మిఠాయి ముట్టలేదు. చినత్సు మోచేత్తో పొడిచింది.

ఆయన టీ కప్పు పక్కన పెట్టారు. కూర్చున్న మెత్త మీంచి చాప మీదికి జరిగారు. పెద్ద విషయం అడిగేటప్పుడు మెత్త మీద కూర్చుని అడగకూడదు. సుమియె చూపు నేలకి దించుకుంది. కోహెయ్ చొక్కా సర్దుకుని నిటారుగా కూర్చున్నాడు.

తనకన్నా ముప్పై ఏళ్లు చిన్నవాడి ముందు ఆయన రెండు చేతులూ నేలకి ఆనించి, నుదురు చాపకి తాకేదాకా వంగారు.

"కోహెయ్ గారూ, మీ అమ్మగారిని నాకిచ్చి పెళ్లి చెయ్యండి."