వన్స్ మోర్ ప్లీజ్

“వన్స్ మోర్ ప్లీజ్!”

పళ్ల ఆసుపత్రి ఫోను దగ్గర కూర్చున్న ఆపరేటరు నుదురు కొట్టుకుంది. మళ్లీ ఆ గరగర గొంతే. డాక్టరు గారు పదిన్నరకి వస్తారని ఇంగ్లీషులో ఇంకోసారి చెప్పింది. అవతలి పెద్దాయన మూడోసారి కూడా చెప్పించుకుని గానీ ఫోను పెట్టలేదు.

వెనకాల సూపర్‌వైజరు దగ్గాడు.

“ఈ వారంలో ఇది నాలుగోసారమ్మా. మీ ఇంగ్లీషు జనానికి అర్థం కావట్లేదు. పుస్తకం చదివినట్టు కాదు, మాట్లాడినట్టు మాట్లాడండి. రేపు కూడా వన్స్ మోర్ అనిపించుకున్నారంటే మిమ్మల్ని ఫైళ్ల గదికి పంపక తప్పదు.”

ఫైళ్ల గదిలో పలకరించడానికి పురుగైనా ఉండదు. ఆమేమో పదిమందితో మాట్లాడితే గానీ తిన్నది అరగని మనిషి.

ఇంటికెళ్తూనే ఆడపడుచును పట్టుకుంది. ఆ పిల్ల ఇంగ్లీషు టీచరు. ఉతికిన బట్టలు మడతపెడుతూనే పాఠం మొదలుపెట్టింది.

“ఒంట్లో నలతగా ఉందా అని అడగాలంటే ‘ఫీలింగ్ అండర్ ద వెదర్’ అనాలి వదినా.”

“వాతావరణం కింద ఉండటమేంటే? ఆరోగ్యంగా ఉన్నవాళ్లు దాని నెత్తినెక్కి కూర్చుంటారా?”

“నోరు జారిందంటే నేల మీద వెతుకుతామా? ఇదీ అంతే. మాటల్ని ఇటుకల్లా విడివిడిగా పేర్చకు, దండలా కలిపి గుచ్చు. అండద్‌వెదర్! ఏదీ, అను.”

వదిన అంది. అంట్లు తోముతూ అంది, పక్క దులుపుతూ అంది. మంచినీళ్లడిగిన మొగుడితో, కాస్త ఓపిక పట్టమనడానికి, “బేర్ విత్ మీ” అంది.

“నీ ఎలుగుబంటిని తర్వాత చూస్తాలే, ముందు నీళ్లియ్యి!” అన్నాడాయన. ముగ్గురూ పడీ పడీ నవ్వారు.

మర్నాడు పొద్దున్నే ఫోను మోగింది. సూపర్‌వైజరు పక్కకొచ్చి నిలబడ్డాడు. ఆమె రిసీవరు ఎత్తింది.

“గుడ్ మార్నింగ్ సర్! ఫీలింగ్ అండద్‌వెదర్?”

వెన్నలో వేలు పెట్టినట్టు సాఫీగా వచ్చింది మాట. ఆమెకే ముచ్చటేసింది.

అవతల కాగితాలు తిప్పిన చప్పుడైంది. తర్వాత గరగరమంటూ వినిపించింది.

“వన్స్ మోర్ ప్లీజ్!”

సూపర్‌వైజరు ఫైళ్ల గదివైపు చెయ్యి చూపించాడు. ఆమె కళ్లజోడూ నీళ్లసీసా తీసుకుని తలవంచుకుని వెళ్లింది.

రెండు రోజులు గడిచాయి. మూడో రోజు ఆమె పాత ఫైళ్ల దుమ్ము దులుపుతుంటే ముందు హాలులో గొడవ వినిపించింది.

“ఆ అమ్మాయెక్కడండీ? ముందు ఆవిణ్ని పిలవండి!”

అదే గొంతు. ఫోనులో సతాయించింది చాలలేదు కాబోలు, ఇంటినుంచి పనిగట్టుకుని వచ్చాడు. వెళ్లి క్షమించమంటే పోతుందనుకుని ఆమె హాలులోకి నడిచింది. ఎదురుగా పంచె కట్టుకున్న పెద్దాయన, సూపర్‌వైజరు మీద నిప్పులు చెరుగుతున్నాడు.

“శాంతించండి సార్. ఆవిణ్ని ఆ సీట్లోంచి మార్చేశాం. ఇక మీకే ఇబ్బందీ ఉండదు” అంటున్నాడు సూపర్‌వైజరు.

ఆమె చేతులు జోడించింది. “తప్పు నాదే బాబాయ్ గారూ. నా ఇంగ్లీషు అర్థంకాక ఇన్నాళ్లూ ఇబ్బంది పడ్డారు.”

“అర్థంకాకపోవడమేంటమ్మా!” అన్నాడు పెద్దాయన, జేబులోంచి నోటుబుక్కు తీస్తూ. “మా ఇంటికి తెలుగు రాని కోడలొచ్చింది, నువ్వు పలికినట్టే ఆ పిల్లతో ఇంగ్లీషులో మాట్లాడాలని, వన్స్ మోర్ అని అడిగి చెప్పించుకుని మరీ రాసుకుంటున్నా; నిన్ను మార్చేస్తే ఇక నా చదువేం కాను?”