ముందుండి పిలిచేవాడు

గుర్రప్పిల్ల ట్రైలర్ ఎక్కకపోతే వదిలేసి పోతానన్నాడు డ్రైవరు. మా తమ్ముడు పోయాక దాన్ని చూసుకునే దిక్కు లేక పంపించేస్తున్నాను.

దానికి ట్రైలర్ అలవాటు చేసింది తమ్ముడే. తాడు లాగేవాడు కాదు. తాను ముందు ఎక్కి, లోపలి మూల నిలబడి, “రా అమ్మడూ, తొందరేం లేదు” అనేవాడు.

దేవుణ్ణి తలుచుకుని తాడు వదులు చేశాను. అది జంకు లేకుండా ఎక్కేసింది.

“భలే నేర్పారక్కా! మా ఆవిడ బండెక్కడానికి ఇంతకంటే సతాయిస్తుంది,” అని నవ్వాడు డ్రైవరు.

నేనూ నవ్వాను కాబోలు.

లోపల అది మేత ముట్టలేదు. నేరుగా ఆ మూలకు వెళ్లి, ఖాళీ చోటంతా వాసన చూసి, నా వైపు తిరిగింది.

“గడియ వేసెయ్యండక్కా.”

వేశాను.