మూడు నిమిషాలు

"పట్టుకో తల్లీ, పడిపోతాండా!"

మంచం పట్టీ మీద రంగప్ప చెయ్యి జారింది. ఫిజియోథెరపిస్టు వాసవి అతన్ని పొదివి పట్టుకుని మెల్లగా పడుకోబెట్టింది. పది రోజులుగా ఇదే వరస. నిలబడి నిమిషమైనా కాలేదు, బీపీ ఎనభైకి దిగిపోయింది.

"తొడెముక అతుక్కున్యాదంటిరి. మళ్లీ ఇదేం రోగమమ్మా?" అంది భార్య బాలనాగమ్మ.

"రోగం కాదక్కా. మనం లేస్తే రక్తం కాళ్లలోకి దిగుతుంది. రక్తనాళాలు బిగించమని మెదడు వెంటనే చెప్పాల. రెండు నెలలు మంచంలోనే ఉండె కదా, దానికి ఆ అలవాటు తప్పింది. రోజూ కొంచెం కొంచెం నిలబడితే మళ్లీ నేర్చుకుంటుంది. బీపీ పడకుండా మూడు నిమిషాలు నిలబడితే ఇంటికి పంపిస్తారు."

రంగప్ప వినడం లేదు. దుప్పటి కప్పుకుంటాడు, తన్నేస్తాడు, వాకిలి వైపు చూస్తాడు. బోరు నీళ్ల తగాదాతో ఆరేళ్లుగా మాట్లాడని తమ్ముడు రామచంద్ర పొద్దున రొద్దం బస్సుకే హిందూపురం వచ్చి, ఆసుపత్రి వరండాలో తచ్చాడుతున్నాడు.

"లోపలికి రమ్మన్యావా?" అని భార్యను అడిగాడు.

"పిలిస్తి. వాకిట్లో నుంచే చూసిపోతాడంట."

"అయితే లేపండి నన్ను. వాని ముందర పడుకోనుండాల్నా?"

"ఇప్పుడే కదా కండ్లు తిరిగింది పెద్దాయనా!"

"లేపమంటాండా గదా!"

వాసవి అతని చేత రెండు గ్లాసుల నీళ్లు తాగించింది. కాళ్లు కిందికి వేలాడేసి కూర్చోబెట్టి, పాదాలు పైకీ కిందికీ ఆడించమంది. కాసేపాగి, చేతికి బీపీ పట్టీ చుట్టి, వాకర్ అందించి నిలబెట్టింది. ఒక నిమిషం గడిచింది. రెండు. రంగప్ప నుదుటి మీద చెమట. వాసవి యంత్రం మీట నొక్కింది.

అప్పుడే రామచంద్ర గడపలో కనిపించాడు. అన్నను తల నుంచి కాళ్ల దాకా చూశాడు.

"నిలబడినావు గదా. బాగుండావులే. పోతాండా," అని వెనుదిరిగాడు.

రంగప్ప తమ్ముడి వీపు వైపు చూశాడు. మరుక్షణం కళ్లు మూతలు పడ్డాయి. చేతులు వాకర్‌ను వదిలేశాయి.

"అన్నా!"

రామచంద్ర ఒక్క ఉరుకున వచ్చి పట్టుకున్నాడు. రొమ్ముకు ఆనించుకుని అలాగే నిలబెట్టుకున్నాడు. "కండ్లు తెరువన్నా! నేను యాడికీ పోను. ఈడనే ఉంటా. ఊరికి నేనే పిలుచుకపోతా," అంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. బాలనాగమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

యంత్రం కుయ్‌మంది. వాసవి కంగారుగా వంగి చూసింది. నూట ఇరవై, ఎనభై. నమ్మలేక మణికట్టు పట్టి చూసింది. నాడి నిబ్బరంగా కొట్టుకుంటోంది. పది రోజుల్లో మొదటిసారి ఆ మెదడు తన పని తాను సరిగ్గా చేసింది.

"ఇదేంది, పెద్దాయనకు బీపీ..." అని ఆమె మాట ముగించేలోగా, తమ్ముడి భుజం మీద నుంచి రంగప్ప ఒక కన్ను తెరిచి, చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఆడించి, మళ్లీ స్పృహ తప్పాడు.