రేపటి అప్‌డేట్

"అవి కొనకండి!"

పాత గేమ్ డిస్కుల బేరం తెగే వేళకు అడ్డొచ్చాడు ఆ అపరిచితుడు. మాసిన గడ్డం, నిద్రలేని కళ్లు.

షాపు యజమానికి ఒళ్లు మండింది. మూతపడుతున్న ఓ పెద్ద సెకండ్‌హ్యాండ్ దుకాణం సరుకంతా కొనడానికి ఉన్నదంతా ఊడ్చి పెడుతున్నాడు. ఇది కలిసొస్తే షాపు నిలబడుతుంది, లేకపోతే ఇంతే సంగతులు.

"ఎందుకు కొనకూడదు?"

"రేపు గేమ్ మెషీన్లకు కొత్త అప్‌డేట్ వస్తోంది. ఇక ఏ డిస్కయినా మొదట కొన్నవాళ్ల మెషీన్‌లోనే పనిచేస్తుంది. ఇంకెవరు పెట్టినా నెట్‌లో కనిపెట్టి తాళం వేసేస్తుంది."

"నీకెవరు చెప్పారు?"

"అది మాత్రం అడక్కండి. ఒక్కరోజు ఆగండి, చాలు."

సరుకు తెచ్చిన వ్యాపారి విసుక్కున్నాడు. "తీసుకుంటావా, ఇంకొకరికి ఇచ్చేయనా?"

యజమాని భార్య మెల్లగా అంది. "ఒక్కరోజేగా, ఆగుదామండీ."

"నీకు తెలీదు. వీణ్ణి పంపింది ఆ ఎదురు షాపువాడే!"

ఎదురు షాపువాడంటే సొంత తమ్ముడే. వాటాల దగ్గర చెడింది. ఇద్దరి మధ్యా మాటల్లేవు గానీ, అనుమానాలకు లోటు లేదు.

అపరిచితుడు యజమాని చెయ్యి పట్టుకున్నాడు. "నమ్మండి సార్, మునిగిపోతారు."

"ముందు బయటికి నడువు!" కాలర్ పట్టుకుని మెట్ల మీంచి నెట్టేశాడు.

బేరం తెగింది. సాయంత్రానికే అమ్మకాలు మొదలయ్యాయి.

మర్నాడు షాపు ముందు జనం.

"ఈ డిస్కు మా ఇంట్లో ఓపెన్ అవట్లేదు!"

"ఇక్కడ అవుతోందిగా, చూడండి!" యజమాని పెట్టి చూపించాడు. షాపు మెషీన్‌కి అతనెన్నడూ నెట్ పెట్టలేదు. పెడితే అప్‌డేట్లంటూ గంటలు తినేస్తుందని భయం.

"దీనికీ నెట్ పెట్టు, చూద్దాం," అన్నారెవరో.

పెట్టాడు. అప్‌డేట్ ఎక్కింది. 'ఈ డిస్కు మీది కాదు' అని తెర మీద పడింది.

ఇంకోటి పెట్టాడు. అదే మాట. మరోటి. అదే.

ఒక్క ఉదుటున రోడ్డు దాటి తమ్ముడి షాపులో పడ్డాడు.

"నువ్వు పంపిన మనిషి ఏడిరా? కాళ్లయినా పట్టుకుంటాను!"

తమ్ముడి కౌంటర్ మీదా పనికిరాని డిస్కుల కుప్పే ఉంది.

"నేను పంపడమేంటన్నయ్యా? నా దగ్గరికీ వచ్చాడు. నువ్వు పంపావనుకుని నేనూ గెంటేశాను."

అన్నదమ్ములు మొహమొహాలు చూసుకున్నారు.

గోడ మీది టీవీలో వార్తలు వస్తున్నాయి. అందులో ఆ అపరిచితుడి ఫొటో కనిపించింది.

ఆ తాళం తయారుచేసిన ఇంజనీరు అతనే. చిన్న షాపులవాళ్లను ముందే హెచ్చరించాడని కంపెనీ ఆ ఉదయమే ఉద్యోగంలోంచి తీసేసింది.